బ్రేకు సరిగా లేని లారీని “ఈ ఒక్క ట్రిప్పు కొట్టి రా” అంటున్నారు: మా తమ్ముడు ఏం చేయాలి?

మార్కాపురం టీచరు:

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. లారీల గురించి నాకు తెలిసింది మా తమ్ముడు చెప్పినంత మాత్రమే. కాబట్టి నా మాటల్లో తప్పులుంటే సరిదిద్దండి.

మా తమ్ముడు పదకొండేళ్లుగా లారీ నడుపుతున్నాడు. రెండేళ్ల కిందట ఇరవై దాకా లారీలున్న ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేరాడు. నంద్యాల వైపు సిమెంటు లోడు ఎత్తుకుని, నల్లమల ఘాట్ మీదుగా గిద్దలూరు దిగి, ఒంగోలుకో నెల్లూరుకో చేర్చడం అతని పని. అతని చేతిలో ఉన్నది ఆరేళ్ల వయసున్న పది టైర్ల లారీ. నెలకు ఎనిమిది, పది సార్లు లోడుతో ఆ ఘాట్ దిగుతాడు.

పోయిన నెలలో ఒక రాత్రి దిగువమెట్ట దాటాక లారీ పక్కకు ఆపి నాకు ఫోటోలు పంపాడు. వెనుక ఎడమవైపు చక్రం బ్రేకు డ్రమ్ములోంచి పొగ వస్తోంది. డ్రమ్మును రుద్ది ఆపే బ్రేకు పట్టీని లైనర్ అంటారట, అది కాలిన వాసన ఘాట్ సగంలోనే క్యాబిన్‌లోకి వచ్చిందట. క్లీనరు రెండు బకెట్ల నీళ్లు పోశాడు. చల్లారాక మా తమ్ముడు కిందికి దూరి టార్చి వేసి చూస్తే, కుడివైపు ఒక చక్రానికి బ్రేకు పట్టించే గాలి తీసుకెళ్లే పైపును రెండు మడతలు మడిచి, పాత ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి ఉంది. ఆ రబ్బరు మీద గట్టిపడిన బురద, గ్రీజు చూస్తే అది నిన్నో మొన్నో కట్టినది కాదు. అంటే అతను ఆ లారీ ఎక్కిన నాటి నుంచీ ఆ చక్రానికి బ్రేకు లేకుండానే ఘాట్ దిగుతున్నాడేమో.

సూపర్‌వైజరుకు ఫోను చేస్తే, “లోడు ఆగితే సరుకు పంపే పార్టీ చేజారిపోతుంది, ఈ ఒక్క ట్రిప్పు కొట్టి రా, వచ్చాక గ్యారేజీలో పెడదాం” అన్నాడు. ఆ మాట అన్న తర్వాత ఇప్పటికి అయిదు ట్రిప్పులయ్యాయి. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, ఇంకా పద్నాలుగు నెలల గడువుంది. అయితే పోయినసారి ఎఫ్‌సీకి వెళ్లే ముందు రోజు వేరే లారీ నుంచి నాలుగు మంచి టైర్లు తెచ్చి బిగించారనీ, మర్నాడు సాయంత్రానికే వాటిని విప్పి తీసుకుపోయారనీ మా తమ్ముడు చెప్పాడు.

అతనికి ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు ఉన్నాయి. మానేయమని నేను సులువుగా అనలేను. ఇంత బరువుతో ఒక చక్రానికి బ్రేకు లేకపోవడం ఎంత ప్రమాదమో, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరి మీద పడుతుందో, బండి తీయనని చెబితే అతనికి ఏ రక్షణ ఉంటుందో తెలిసినవారు చెప్పండి. అతను ఘాట్‌లో ఉన్న రాత్రులు నాకు నిద్ర పట్టడం లేదు.


ఆటోనగర్ మెకానిక్:

అమ్మా, విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా గాలి బ్రేకుల పని చేస్తున్నాను. మీరు వర్ణించినది చదవగానే లారీ కళ్ల ముందు నిలబడింది.

ముందుగా ఒక మాట. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోయకూడదని మీ తమ్ముడికి ఇవాళే చెప్పండి. డ్రమ్ము పోత ఇనుముతో చేసినది. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్లు పడితే సన్నని పగుళ్లు పడతాయి. అవి కంటికి కనిపించవు, తర్వాతి ఘాట్‌లో బయటపడతాయి. ఎండుగడ్డి లేని చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, గాలికే చల్లారనివ్వాలి. అడ్డు పెట్టిన రాళ్లను బయలుదేరేటప్పుడు తప్పకుండా తీసి పక్కన పడేయాలి. మనవాళ్లు వాటిని రోడ్డు మీదే వదిలేసి వెళ్లిపోతే, చీకట్లో వచ్చే మోటారు సైకిలు వాళ్లు వాటిని కొట్టుకుని ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

ఇక అసలు సంగతి. పొగ వచ్చినది ఎడమ చక్రానికి, పైపు కట్టినది కుడి చక్రానికి. కాబట్టి ఇవి రెండూ వేరువేరు జబ్బులని అనుకోకండి. బ్రేకు లేని చక్రం చల్లగానే ఉంటుంది. దాని వంతు పని మిగిలిన అయిదు చక్రాల మీద పడుతుంది, వాటిలో లైనర్ బాగా పట్టే చక్రం అన్నింటికంటే ముందు కాలుతుంది. పొగ వచ్చిన చక్రమే ఆ రాత్రి మీ తమ్ముడిని కిందికి దింపిన చక్రం. అయితే డ్రమ్ము కాగితే వ్యాకోచిస్తుంది, లైనర్ దానిని అందుకోవడానికి ఇంకా దూరం కదలాలి. పైగా వేడెక్కిన లైనర్‌కు పట్టు తగ్గుతుంది. పెడల్ ఎంత తొక్కినా లారీ ఆగకపోవడం అంటే ఇదే. “బ్రేకు ఫెయిల్ అయింది” అని అందరూ అంటారు గానీ, చాలాసార్లు అది ఒక్క క్షణంలో ఫెయిల్ కాదు, ఘాట్ మొత్తం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి చివరి మలుపులో అయిపోతుంది.

పైపు మడిచి కట్టడాన్ని మేము డమ్మీ కొట్టడం అంటాము. చాంబరులో, అంటే గాలి వచ్చి ఆ చక్రం బ్రేకును నెట్టించే డబ్బాలో, డయాఫ్రం అనే రబ్బరు పొర చినిగితే గాలి కారుతుంది. గాలి కారితే గాలి ట్యాంకులో ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ బాగా పడిపోతే వెనుక చక్రాల స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పట్టేసి లారీ నిలబడిపోతుంది. గాలి లేని లారీ కదలకూడదన్నది ఆ బ్రేకు తయారు చేసినవారి ఉద్దేశం. డమ్మీ కొట్టినవాడు ఆ కాపలాను మోసం చేస్తాడు. లారీ మామూలుగానే నడుస్తుంది, మీటరులో ముల్లు నిండుగానే చూపిస్తుంది, డ్రైవరుకు ఏమీ తెలియదు. ఒక పక్క బ్రేకు ఉండి మరో పక్క లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక వైపుకు లాగుతుంది, వానలో అయితే అడ్డం తిరుగుతుంది.

ఆ డయాఫ్రం, ఆ పైపు రెండూ కలిపినా ఒక కొత్త టైరు ధరలో పదో వంతు ఉండవు. పని ఒక పూటది. అందుకే ఇది డబ్బు లేక చేసిన పని అని నేను అనుకోను. లారీ ఒక పూట నిలబడకూడదన్న పట్టుదలే దీనికి కారణం.

మీ తమ్ముడు రోజూ పది నిమిషాలు కేటాయించాలి. గాలి ట్యాంకుల కింద వాల్వు లాగి లోపల చేరిన నీళ్లు పోనివ్వాలి. గాలి నిండాక ఇంజను ఆపి, క్లీనరును పెడల్ తొక్కి పట్టమని చెప్పి, ఒక నిమిషం ముల్లు చూడాలి. మెల్లగా దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు, చక్రాలకు అడ్డు పెట్టి ఉండగానే, కిందికి దూరి చెవి పెట్టి వినాలి. క్లీనరు తొక్కుతూ వదులుతూ ఉంటే ఆరు చాంబర్లలోనూ బ్రేకును నెట్టే రాడ్ కదులుతున్నదో లేదో, కదిలినవి ఇంచుమించు ఒకే దూరం వస్తున్నాయో లేదో చూడాలి. కదలని రాడ్ ఉంటే అక్కడ బ్రేకు లేదు. ఇక ఘాట్ దిగేటప్పుడు, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాతవాళ్ల మాట. అది ఇప్పటికీ నిజమే. లోడుతో గంటకు నలభైలో వెళ్లే లారీ అరవైకి చేరితే బ్రేకు మింగవలసిన శక్తి సగం కాదు, రెండింతలకు పైగా పెరుగుతుంది.


రెండు లారీల ఓనరు:

టీచరు గారూ, మీ బాధ అర్థమైంది. నేను డ్రైవరుగా మొదలుపెట్టి ఇప్పుడు రెండు లారీలు తిప్పుకుంటున్నాను. పై అన్నగారు చెప్పినదంతా నిజం. అయితే ఒక పూట లారీ నిలబడడం అంటే ఏమిటో ఓనరు వైపు నుంచి కూడా చెప్పాలి. ఇది సమర్థన కాదు.

లోడు ఎత్తేటప్పుడు కిరాయిలో కొంత అడ్వాన్సుగా వస్తుంది, డీజిలు, టోలు, బత్తా దానితోనే జరగాలి. మిగిలినది అన్‌లోడు అయిన రసీదు వెళ్లాక నెలకో నెలన్నరకో వస్తుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం తేదీ తప్పకూడదు. కాబట్టి నెలాఖరున చేతిలో ఉన్న డబ్బు ఏ పనికి పోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, అడిగేవాడు లేని పని వెనక్కి పోతుంది. ఫైనాన్సువాడు అడుగుతాడు, డీజిలు బంకువాడు అడుగుతాడు, బ్రేకు లైనర్ నోరు తెరిచి అడగదు.

దీనికి తోడు ఓవర్‌లోడు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్, అంటే ఇరుసు, మీద వేయదగిన బరువులు పెంచింది. ముందు యాక్సిల్ 6 టన్నుల నుంచి 7కు, ఎనిమిది టైర్ల జంట యాక్సిల్ 19 నుంచి 21కి వెళ్లాయి. ఆ లెక్కన పది టైర్ల లారీ యాక్సిళ్ల మీద మొత్తం 28 టన్నులు. ఖాళీ బండి బరువు పోగా పద్దెనిమిది, పంతొమ్మిది టన్నుల సరుకు వేయవచ్చు. పరిమితి పెరిగితే ఓవర్‌లోడు తగ్గుతుందని అనుకున్నాము. నా అనుభవంలో కిరాయి టన్నుకు తగ్గింది, పార్టీలు మళ్లీ దాని మీద ఇంకో అయిదారు టన్నులు అడగడం మొదలుపెట్టారు. వేయనంటే పక్కనే ఇంకో లారీ వరుసలో ఉంటుంది. కాటా దగ్గర ఒకే లోడుకు రెండు చీటీలు రాయడం నా కళ్లతో చూశాను. దారిలో పట్టుకుంటే జరిమానా 20,000 రూపాయలు, దాని మీద ప్రతి అదనపు టన్నుకు 2,000. అది కట్టేది బండివాడు, సరుకు ఎత్తించినవాడి పేరు ఆ కాగితంలో కనిపించదు. నన్ను అడిగితే ఎత్తించిన చోటే కాటా చీటీకి బాధ్యత పెట్టనంత కాలం ఈ జబ్బు పోదు.

ఇంత చెప్పాక నా తప్పు కూడా చెప్పాలి. నాలుగేళ్ల కిందట ముందు చక్రాలకు రీబటన్ టైర్లు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి, వేయించాను. వెనుక జంట టైర్లలో ఒకటి పోయినా రెండోది మోస్తుంది. ముందు చక్రానికి రెండోది లేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, ఆ నెల డబ్బు సర్దుకోలేక వేయించాను. చిలకలూరిపేట దగ్గర ఎండపూట ముందు కుడి టైరు పేలి లారీ డివైడరు ఎక్కింది. క్లీనరు కుర్రాడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో అతని తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా బాధగా ఉంటుంది. ఆ రోజు నుంచి ముందు చక్రాలకు కొత్త టైర్లే, ప్రతి లోడు ముందు బ్రేకు చూడకుండా తాళం ఇవ్వను. రెండు లారీలతో నేను చేయగలిగినది ఇరవై లారీల కంపెనీ చేయలేకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.


ఒంగోలు న్యాయవాది:

నేను మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసులు వాదిస్తాను. బాధ్యత గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మోటారు వాహనాల చట్టం, 1988లో 190వ సెక్షన్ చూడండి. ప్రమాదకరమైన లోపమున్న బండిని నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ అది శిక్షిస్తుంది. అయితే ఆ లోపం అతనికి తెలిసి ఉండాలి, లేదా మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసి ఉండేదై ఉండాలి. లోపం ఉన్నందుకు 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమో ఆస్తినష్టమో జరిగితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదే. కానీ “తెలిసి” అన్న ఆ ఒక్క మాట మీదే మీ తమ్ముడి విషయం మొత్తం ఆధారపడి ఉంది.

ప్రమాదం జరిగిన చోట దొరికేది డ్రైవరు. మరణం జరిగితే నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం మొదట కేసు అతని మీదే నమోదవుతుంది, శిక్ష అయిదేళ్ల వరకు ఉండవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. నష్టపరిహారం విషయంలో ఓనరుకు బాధ్యత ఉంటుంది, బీమా ఉంటే బీమా కంపెనీ చెల్లిస్తుంది. షరతులు ఉల్లంఘించిన సందర్భాల్లో ముందు బాధితులకు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతున్నాయి. పర్మిట్ లేకుండా తిరిగిన లారీ విషయంలో 2018లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఈ లెక్కన జైలు భయం డ్రైవరుకు, డబ్బు భయం ఓనరుకు. బ్రేకు చెడిన సంగతి ఓనరుకు ముందే తెలుసునని చూపించే కాగితం మాత్రం ఎక్కడా ఉండదు. నేను చూసిన కేసుల్లో డ్రైవరు “చెప్పాను సార్” అంటాడు, సూపర్‌వైజరు “నాకు చెప్పలేదు” అంటాడు, అక్కడితో ఆ సంగతి ఆగిపోతుంది.

అందుకని అందరూ “రాసి పంపించు” అని సలహా ఇస్తారు. నేనూ అదే అంటాను, కానీ ఆ సలహాలో ఒక ప్రమాదం ఉంది. బ్రేకు లేదని ఫోటోతో సహా రాసి పంపి, ఆ తర్వాత అదే లారీతో ఘాట్ దిగితే, తెలిసీ నడిపాడన్నదానికి ఆ మెసేజే అతని మీద సాక్ష్యం అవుతుంది. రాయడం, బండి తీయకపోవడం రెండూ కలిసి జరగాలి. ఇప్పటికే తెలిశాక అయిదు ట్రిప్పులు వేశాడు, ఆరోది వేయవద్దని నా గట్టి మాట.

మెసేజు ఇలా ఉంటే చాలు: లారీ నంబరు, తేదీ, ఏ చక్రానికి ఏ లోపం, ఫోటో, “మరమ్మతు చేయించగానే బండి తీస్తాను” అన్న వాక్యం. పని మానేస్తానని రాయకూడదు. కోపం, ఆరోపణలు వద్దు. సూపర్‌వైజరుతో పాటు ఓనరు నంబరుకు కూడా పంపాలి. ఫోనులో మాట్లాడితే ఆ వెంటనే “ఇప్పుడు మీరు ఫోనులో చెప్పినట్టు” అంటూ ఆ సంభాషణను మళ్లీ రాసి పెట్టాలి.

రక్షణ ఉంటుందా అన్నదానికి నిజం చెప్పాలి. చట్టంలో హక్కులున్నాయి. డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని, అయిదు గంటలు దాటి ఏకధాటిగా పని చేయించకూడదని 1961లోనే చట్టం వచ్చింది. అది ఎంత అమలైందో ఘాట్ రోడ్డు మీద తెల్లవారుజామున నిలబడితే తెలుస్తుంది. కంపెనీ అతనిని మాన్పించదని నేను హామీ ఇవ్వలేను. అయితే రాతపూర్వకంగా చెప్పిన డ్రైవరును తీసేయడానికి చాలామంది వెనకాడతారని మాత్రం అనుభవంతో చెప్పగలను.


విశ్రాంత ఎంవీఐ:

రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పని చేసి విరమించాను. పల్లెల్లో ఇప్పటికీ మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు, ఆ పేరులోనే మా మొదటి పని ఏమిటో ఉంది.

ఎఫ్‌సీ ఉన్నంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు. ఎనిమిదేళ్ల లోపు వాహనానికి రెండేళ్లకోసారి, ఆపైన ఏడాదికోసారి పరీక్ష జరుగుతుంది. అది ఆ ఒక్క రోజు పరిస్థితికి సాక్ష్యం. అద్దె టైర్లు, అద్దె బ్యాటరీ, అద్దెకు తెచ్చిన మంటలార్పే సిలిండరు, అప్పటికప్పుడు అంటించిన రిఫ్లెక్టరు పట్టీలు, ఇవన్నీ మాకు తెలియనివి కావు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పరీక్ష రోజు అది పది ఉంటుంది. యంత్రాలతో నడిచే పరీక్షా కేంద్రాలు వచ్చాక బ్రేకును రోలర్ల మీద ఒక్కో చక్రానికి విడివిడిగా కొలుస్తున్నారు. డమ్మీ కొట్టిన చక్రం అక్కడ దాగదు. కానీ మర్నాడు ఏం జరిగేదీ ఆ యంత్రానికి తెలియదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 56వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద, వాహనం నిబంధనల ప్రకారం లేదని తేలితే గడువు ఎంత ఉన్నా అధికారి కారణాలు రాసి ఎఫ్‌సీని రద్దు చేయవచ్చు. కాబట్టి పద్నాలుగు నెలల గడువుందని కంపెనీ ధీమాగా ఉండనక్కరలేదు. జిల్లా రవాణా అధికారికి లారీ నంబరు, ఫోటోలు జతచేసి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. డ్రైవరే ఇవ్వాలని లేదు, మీరే ఇవ్వవచ్చు. రోడ్డు మీద వెళ్లే ఎవరికైనా ఆ లారీతో సంబంధం ఉంది.

2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. కంకర మొత్తం సీట్లలో కూర్చున్నవారి మీద పడింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చినది నా ఉద్యోగంలో ఆపకుండా వదిలిన బండ్లు. ఒక్కో రోజు ముప్పై, నలభై బండ్లు చూడవలసి వచ్చేది, కొన్నింటికి టైర్లు చూసి సంతకం పెట్టాను, కిందికి దూరి చూడలేదు. ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడే చేయవలసింది.


నెల్లూరు డ్రైవరు:

అక్కా, నేను ఇలాంటి కంపెనీలోనే ఆరేళ్లు చేసి బయటికి వచ్చాను. పెద్దలు బ్రేకు గురించి చెప్పారు, నేను డీజిలు లెక్క గురించి చెబుతాను. ట్రిప్పుకు ఇంత డీజిలు అని కంపెనీ ముందే కట్టేస్తుంది. మిగిలితే డ్రైవరుది, తగ్గితే జీతంలో కోత. దాంతో దిగుడు రాగానే గేరు తీసి న్యూట్రల్‌లో వదలడం అలవాటవుతుంది. గేరులో ఉన్న ఇంజను బండిని పట్టి ఉంచుతుంది, న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి బరువంతా బ్రేకు మీదే పడుతుంది. కంపెనీ ఎవరికీ “న్యూట్రల్‌లో దించు” అని చెప్పదు. లెక్క అలా కట్టి ఊరుకుంటుంది.

జీపీఎస్ కూడా అంతే. నిద్ర కోసం బండి ఆపితే ఇరవై నిమిషాల్లో ఫోను వస్తుంది, “ఎందుకు ఆగావు” అని. అదే బండి దిగుడులో ఎనభై దాటితే ఏ ఫోనూ రాదు. రెండూ ఆ తెర మీదే కనిపిస్తాయి.

మీ తమ్ముడిని ఒకటి అడగండి: తన కంటే ముందు ఆ లారీ నడిపినవాడు ఎవరు, ఎందుకు దిగిపోయాడు అని. నేను దిగిపోయినప్పుడు నా తర్వాత ఎక్కినవాడికి ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.


మార్కాపురం టీచరు:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాలైంది, జరిగినది రాయడం నా బాధ్యత.

న్యాయవాది గారు చెప్పినట్టే మెసేజు రాయించాను. మా తమ్ముడు తొమ్మిదో తరగతి దాకా చదివాడు, రాయడానికి సిగ్గుపడ్డాడు. నేను చెబుతుంటే తన చేతులతోనే టైపు చేశాడు. నంద్యాలలో లోడు ఎత్తకముందే ఓనరుకూ, సూపర్‌వైజరుకూ ఫోటోలతో పంపి, బండి పక్కన కూర్చున్నాడు. మొదట తిట్లు వచ్చాయి. సాయంత్రం ఓనరు స్వయంగా ఫోను చేసి, “నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు” అన్నాడట. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ మాటను కూడా వెంటనే రాసి పంపమన్నాను, పంపాడు.

మర్నాడు తాళం తీసుకుని అతనిని వేరే లారీకి మార్చారు. మొదట సంతోషించాను. నెల్లూరు తమ్ముడు రాసిన చివరి మాట ఆ రాత్రి మళ్లీ చదివాక సంతోషం నిలవలేదు. పాత లారీని బాగు చేయకుండానే కొత్తగా చేరిన ఒక కుర్రాడికి ఇచ్చారని తెలిసింది. అతనికి ఇరవై నాలుగేళ్లు, ఘాట్ మీద ఇదే మొదటి ఉద్యోగం. మా తమ్ముడు అతని నంబరు సంపాదించి, ఏ చక్రమో, ఏ పైపో చెప్పాడు. మడత అలాగే ఉందని ఆ కుర్రాడే కిందికి దూరి చూసి చెప్పాడు.

అప్పుడు నేనే నా పేరుతో రవాణా అధికారికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆరు రోజుల తర్వాత లారీని పిలిపించి చూశారు. ఆ చక్రంతో పాటు ఇంకో చక్రానికి కూడా బ్రేకు పని చేయడం లేదని తేలింది. మరమ్మతు చేయించి మళ్లీ చూపించేదాకా రోడ్డెక్కకూడదని కాగితం ఇచ్చారు. లారీ ఇప్పుడు కంపెనీ యార్డులో నిలబడి ఉంది.

బండి నిలబడినన్ని రోజులు ఆ కుర్రాడికి బత్తా లేదు. నిన్న మా తమ్ముడికి ఫోను చేసి, మీ అక్క వల్ల నా పని పోయేలా ఉందని కోప్పడ్డాడు. అతని కోపం నాకు అర్థమవుతుంది. నెల్లూరు తమ్ముడూ, మీకు తెలిసిన మంచి ఓనర్లు ఎవరైనా ఉంటే, గేరులో దిగమని చెప్పేవాళ్లు ఉంటే, అతనికి చెప్పండి. నంబరు మీకు విడిగా పంపుతాను.


రెండు లారీల ఓనరు:

టీచరు గారూ, ఆ నంబరు నాకూ పంపండి. నా రెండో లారీ డ్రైవరు వచ్చే నెల సొంత ఊరు వెళ్లిపోతున్నాడు. ఘాట్ అనుభవం లేకపోయినా పరవాలేదు, మొదటి నాలుగు ట్రిప్పులు నేను పక్కన కూర్చుంటాను. కిందికి దూరి చూసే అలవాటు అతనికి వచ్చేసింది కదా.